క్యాంపస్‌లో ఎవరు ఎవరితో ఎలా మాట్లాడుతున్నారు: పరిశోధన చేసే తీరు

ఈ అంశం మీద వచ్చే సిద్ధాంత వ్యాసాల్లో చాలావాటిది ఒకటే అచ్చు. మూడు వందల మందికి ప్రశ్నావళి పంచుతారు. ‘ఎదుటివారు చెప్పేది శ్రద్ధగా వింటాను’ అన్న వాక్యం ఎదురుగా అయిదు గడులుంటాయి. ఎక్కువమంది నాలుగో గడిలోనో అయిదో గడిలోనో టిక్కు పెడతారు. దాంతో తేలేది విద్యార్థులు తమ గురించి తాము ఏమనుకుంటున్నారన్నదే తప్ప, ఎలా మాట్లాడతారన్నది కాదు. మాట ఇద్దరి మధ్య నడిచేది కాబట్టి లెక్కించాల్సింది విడి మనిషిని కాదు. జంటను, లేదా ఒక్కో మాటామంతీని. ప్రణాళిక దశలోనే ఇది తేల్చుకోకపోతే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ సరిదిద్దలేదు.

ముందు ప్రశ్న

‘విద్యార్థులు, అధ్యాపకుల మధ్య సంభాషణ’ అన్నది విషయమే గానీ ప్రశ్న కాదు. ఏ జంట, ఏ సందర్భం, ఏ మాట అన్న మూడూ అందులో కనిపించాలి. ఉదాహరణకు: ‘పని గడువులోగా పూర్తి కాలేదని మొదటి ఏడాది పరిశోధక విద్యార్థి గైడ్‌కు ఎలా చెబుతారు, ఎప్పుడు చెప్పకుండా దాటవేస్తారు?’ ఇలా రాసుకుంటే ఎవరిని అడగాలో, ఏ నెలలో అడగాలో దానంతటదే తేలుతుంది. కొత్తగా చేరిన తొలి వారాల్లోనూ, పరీక్షల ముందూ మాటల తీరు మామూలుగా ఉండదు. మీ ప్రశ్న వాటి గురించే అయితే తప్ప ఆ రోజులు వదిలేయండి.

అనుమతి

ఎథిక్స్ కమిటీ అనుమతి పైలట్‌కు, అంటే అసలు సేకరణకు ముందు కొద్దిమందితో చేసే చిన్న ప్రయోగానికి, ముందే తీసుకోవాలి. పైలట్‌లో మాట్లాడేదీ మనుషులతోనే. మీరు మార్కులు వేసే తరగతిని మీరే సర్వే చేయకండి. కాదనే వీలు లేనివారు ఇచ్చే సమ్మతికి విలువ లేదు. తప్పనిసరైతే మరొకరితో సేకరింపజేసి, ఫలితాలు వెలువడ్డాకే డేటా తెరవండి. జంటలో ఇద్దరి సమ్మతీ విడివిడిగా కావాలి. జంట 14లోని ఇద్దరికీ 14-ఎ, 14-బి అని కోడ్‌లిచ్చి, పేర్ల జాబితాను పాస్‌వర్డ్‌తో వేరే చోట దాచండి.

డైరీ: అసలు పని ఇక్కడే

‘గత నెలలో రూమ్మేటుతో ఎన్నిసార్లు మాట్లాడారు?’ అని అడిగితే ఒక అంకె వస్తుంది. ఆ అంకెను నమ్మలేం. జ్ఞాపకం మీద ఆధారపడి జనం చెప్పేదాంట్లో దాదాపు సగం ఏదో ఒక రకంగా తప్పేనని రసెల్ బెర్నార్డ్ బృందం 1984లోనే సమీక్షించి చెప్పింది. అందుకే ఏ రోజుది ఆ రోజు రాయించాలి. లాడ్ వీలర్, జాన్ నెజ్లెక్ 1977లో కొత్తగా చేరిన విద్యార్థుల మీద చేసిన అధ్యయనం ఇప్పటికీ మంచి నమూనా: 10 నిమిషాలు, అంతకు మించి సాగిన ప్రతి మాటామంతీనీ నమోదు చేయించారు.

ఒక్కో నమోదుకు ఏడు గడులు చాలు: మొదలైన సమయం, ఎంతసేపు, ఎవరితో, ముఖాముఖా ఫోనా, ఎవరు కదిపారు, ఎంత మనసు విప్పి మాట్లాడుకున్నారు, ఎంత తృప్తి. చివరి రెండింటికీ 1 నుంచి 7 దాకా స్కేలు. ఒక నమోదు నిమిషంలో పూర్తికావాలి; అంతకు మించితే మూడో రోజుకే మానేస్తారు. ఏడు రోజులు రాయిస్తే పనిదినాలూ సెలవు దినాలూ రెండూ కలుస్తాయి.

కాగితం మీద రాయిస్తే ఒక చిక్కుంది: వారం మొత్తాన్నీ చివరి రాత్రి కూర్చుని నింపేస్తారు. దీర్ఘకాలిక నొప్పి ఉన్న రోగుల కాగితపు డైరీలు ఎప్పుడు తెరిచారో రహస్యంగా నమోదు చేసిన ఒక అధ్యయనం 2002లో వచ్చింది. సకాలంలో రాశామని రోగులు చూపినవి 90 శాతం, నిజంగా రాసినవి 11 శాతం! కాబట్టి పంపిన వేళ దానంతటదే నమోదయ్యే ఫోన్ ఫారం వాడండి. తొలి మూడు రోజుల్లో వచ్చిన నమోదుల సగటును చివరి మూడు రోజులతో పోల్చి చూడండి. బాగా పడిపోతే అది చాలావరకు విసుగే తప్ప, మాటలు తగ్గడం కాకపోవచ్చు.

ఇద్దరి డైరీలూ చేతికొచ్చాక పక్కపక్కన పెట్టి చూస్తే ఎ రాసిన సంభాషణ బి డైరీలో ఉండకపోవచ్చు. దాన్ని తప్పుగా కొట్టేయకండి. ఒకరికి గుర్తుంచుకోదగ్గదిగా అనిపించిన మాట రెండోవారికి లెక్కలోకే రాలేదంటే, మీ అధ్యయనంలో అన్నిటికన్నా విలువైన సమాచారం అదే కావచ్చు.

స్కేళ్లు, ఇంటర్వ్యూలు

సొంతంగా స్కేలు తయారుచేయడం మొదటిసారి పరిశోధకులకు తగని పని. మాట్లాడాలంటే ఉండే బెరుకును కొలవడానికి మెక్‌క్రాస్కీ రూపొందించిన 24 వాక్యాల పీఆర్‌సీఏ అనే స్కేలు ఉంది. అందులో ఇద్దరి మధ్య మాటలకు సంబంధించినవి ఆరు. మరో భాషలోకి తెచ్చుకుంటే, మూలం చూడని వ్యక్తితో తిరిగి అనువదింపజేసి రెంటినీ పోల్చండి. స్కేలులోని వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చూపే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.70 కంటే బాగా తక్కువ వస్తే ముందు చూడాల్సింది వ్యతిరేకార్థంలో ఉన్న వాక్యాల మార్కుల్ని తిరగేశారా లేదా అన్నది. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

ఇంటర్వ్యూలో ‘సాధారణంగా ఏం చేస్తారు?’ అని అడిగితే నీతివాక్యాలు వినాల్సి వస్తుంది. ‘చివరిసారి ఎప్పుడు జరిగింది? ముందు ఎవరు ఏమన్నారు? మీరేమన్నారు?’ అని అడగండి. జంటలో ఒకరు చెప్పింది రెండోవారి దగ్గర పొరపాటున కూడా ఎత్తకూడదు. గంట రికార్డింగును రాసుకోవడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. విరామాలు, ఒకరి మాట మీద ఒకరి మాట కూడా గుర్తించాలంటే ఇంకా చాలా ఎక్కువ.

కోడింగ్‌కు, అంటే ఒక్కో వాక్యం ఏ రకమో గుర్తించి పేరు పెట్టడానికి, ఇద్దరు ఉండాలి. కనీసం పదో వంతు భాగాన్ని విడివిడిగా కోడ్ చేసి పోల్చుకోవాలి. ఇద్దరికీ ఎంత శాతం కుదిరిందన్న లెక్క ఒక్కటే చాలదు. ఇద్దరూ 90 శాతం వాక్యాలకు గుడ్డిగా ‘మామూలు’ అని రాసుకుంటూ పోయినా 82 శాతం కుదురుతుంది. ఆ యాదృచ్ఛికతను తీసేసి చూపేదే కోహెన్ కప్పా.

లెక్కల దగ్గర జారే చోట్లు

పదివేల మంది ఉన్నచోట 370 మందిని అడిగితే చాలని క్రెజ్సీ, మోర్గాన్‌ల 1970 నాటి పట్టికను అందరూ ఎత్తి రాస్తారు. ఆ అంకె లాటరీ తీసినట్టు విడివిడిగా ఎంచినవారికే వర్తిస్తుంది. ఒక్కో తరగతిలో 20 మంది చొప్పున తీసుకుంటే, ఒకే తరగతివాళ్ల జవాబులు కొంత ఒకేలా ఉంటాయి. 0 నుంచి 1 దాకా కొలిచే ఆ పోలిక 0.05 మాత్రమే అనుకున్నా, 20లో ఒకటి తీసేసి లెక్కిస్తే 1 + 19 × 0.05 = 1.95. 370ని దాంతో భాగించండి: మీ 370 మంది సుమారు 190 మందితో సమానం.

జంటల డేటాలో ఇద్దరినీ రెండు స్వతంత్ర వరుసలుగా వేసి రెండు సగటుల్ని పోల్చే మామూలు టీ-పరీక్ష చేయకూడదు. గైడ్, విద్యార్థి లాంటి జంటలో ఎవరు ఎవరో తెలుస్తుంది. రూమ్మేట్లలో ఎవరిని ఎ అనాలి? పేర్లు అటూఇటూ మార్చగానే, ఇద్దరి అంకెలు ఎంత కలిసి నడుస్తాయో చూపే పియర్సన్ సహసంబంధం మారిపోతుంది. అక్కడ ఎవరు ఎ, ఎవరు బి అన్నదానితో పని లేని ఇంట్రాక్లాస్ సహసంబంధమే వాడాలి. ఒకరి స్వభావం రెండోవారి తృప్తిని ఎలా ప్రభావితం చేస్తుందో చూడాలంటే డేవిడ్ కెన్నీ పేరుతో ముడిపడిన యాక్టర్–పార్ట్‌నర్ మోడల్ ఉంది.

రాసేటప్పుడు పేర్లు మార్చినంత మాత్రాన గోప్యత దక్కదు. ‘ఫలానా శాఖలో ఏకైక మహిళా ప్రొఫెసర్’ అని రాస్తే క్యాంపస్ అంతా గుర్తుపడుతుంది. శాఖ పేరు బదులు ‘ఒక విజ్ఞానశాస్త్ర శాఖ’ అనండి. జంటలోవాళ్లు ఒకరి మాటల్ని ఒకరు ఇట్టే పోల్చుకోగలరు కాబట్టి, ఒకే జంటలోని ఇద్దరి వాక్యాల్నీ పక్కపక్కన ఉటంకించకండి.