బెంగళూరులో ఇంటర్నేషనల్ రిలేషన్స్ డిగ్రీలో చేరే ముందు జాగ్రత్తలు

ఇంటర్ అయ్యాక అనంతపురం నుంచో కర్నూలు నుంచో బెంగళూరు వచ్చి ఈ కోర్సులో చేరబోతున్నారా? ఫీజు కట్టే ముందు ఇవి చూసుకోండి.

• ఈ డిగ్రీ ఉంటేనే దౌత్యవేత్త అవుతారంటే నమ్మకండి. ఐఎఫ్ఎస్ (ఇండియన్ ఫారిన్ సర్వీస్)కు ప్రధాన దారి యూపీఎస్సీ సివిల్స్ పరీక్ష. దానికి ఏ డిగ్రీ అయినా చాలు, 21 ఏళ్లు నిండాలి. అయితే అందులో ఆప్షనల్ సబ్జెక్టుగా ‘పొలిటికల్ సైన్స్, ఇంటర్నేషనల్ రిలేషన్స్’ తీసుకుంటే ఇక్కడ చదివింది బాగా అక్కరకొస్తుంది. ర్యాంకు రాకపోతే ఏం చేస్తారో అమ్మానాన్నలతో ఇప్పుడే మాట్లాడండి. ఆ టెన్షన్‌ను చివరి ఏడాదికి దాచిపెట్టుకోవద్దు.

• సిలబస్ అడిగి తీసుకోండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఎకనామిక్స్, అంతర్జాతీయ న్యాయశాస్త్రం, స్టాటిస్టిక్స్ ఉన్నాయా? పాలసీ పరిశోధనలో, కంపెనీల రిస్క్ విశ్లేషణలో అంకెలు చదవడం, స్పష్టంగా రాయడం రెండూ కావాలి. ఇవి లేని కోర్సయితే విడిగా నేర్చుకోవాల్సిందే. బెంగళూరులోనే ఉన్న పాలసీ పరిశోధన సంస్థ తక్షశిల ఇన్‌స్టిట్యూషన్ వాళ్ల వ్యాసాలు నాలుగైదు చదవండి, ఆ పని మీకు నచ్చుతుందో లేదో తెలుస్తుంది.

• విదేశీ భాష మొదటి ఏడాదే మొదలుపెట్టండి. ఐక్యరాజ్యసమితి అధికార భాషలు ఆరు: ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్, అరబిక్, రష్యన్, చైనీస్. ఫ్రెంచ్‌కు నగరంలో అలయన్స్ ఫ్రాన్సేజ్ ఉంది. జర్మన్ కూడా మంచిదే, కానీ ఈ ఆరింటిలో లేదు.

• ఎంఏ ఖర్చు కూడా ఇప్పుడే లెక్కేయండి. ఢిల్లీలోని జేఎన్‌యూ (జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ)లో చేరాలంటే సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి.