కోరాపుట్ చలికి సరిపోయే క్రీమ్ ఎలా ఎంచుకోవాలి?

ఒడిశాలోని కోరాపుట్, జయపురం వైపు పుష్యమాసం చలికి మోచేతి మీద గోరుతో గీస్తే తెల్లటి గీత పడుతుంది. చర్మం పైపొరలో కొవ్వు తగ్గి, లోపలి తడి ఆవిరైపోతోందన్నమాట. ఆ కొవ్వులో దాదాపు సగం సెరమైడ్లు అనే రకానిదే. మిగతాది ఎక్కువగా కొలెస్ట్రాల్, ఫ్యాటీ ఆసిడ్లు.

ముందు డబ్బా వెనక్కి తిప్పండి. ఎక్కువగా ఉన్న పదార్థం పేరు ముందు, తక్కువది తర్వాత రాస్తారు. గ్లిజరిన్ మొదటి నాలుగైదు పేర్లలో ఉంటే మంచిది. సెరమైడ్లు కొద్దిగానే కలుపుతారు కాబట్టి చివర్లో కనిపిస్తే మోసమనుకోనక్కర్లేదు.

తర్వాత ఏది ఏం పని చేస్తుందో చూడండి. గ్లిజరిన్, హయలురోనిక్ ఆసిడ్ నీటిని పట్టి ఉంచుతాయి. పొడిగాలిలో అవి మాత్రమే రాస్తే చాలదు, పైన మూత కావాలి. ఆ పనిలో పెట్రోలియం జెల్లీకి పోటీ లేదు, పైగా చవక. జిడ్డంటూ మొహం చిట్లిస్తారు గానీ, రాత్రి మడమలకు రాసి సాక్స్ వేసుకుంటే ఎవరు చూడొచ్చారు? మొద్దుబారిన మడమలకు 10 శాతం యూరియా క్రీమ్ కూడా పనిచేస్తుంది, పచ్చి పగుళ్ల మీద మాత్రం మండుతుంది. నియాసినమైడ్ (బి3 విటమిన్‌లో ఒక రకం) వల్ల చర్మం తనంతట తానే సెరమైడ్లు ఎక్కువ తయారుచేసుకుంటుంది. 2 నుంచి 5 శాతం చాలు, 10 శాతం సీరం కోసం డబ్బు తగలెయ్యకండి.

అసలు పేచీ నూనెల దగ్గర. ఒడియా ఇళ్ల పక్కన ఉండి ఉండి మనవాళ్లకూ పసిపిల్లలకు ఆవనూనె మర్దనా అలవాటైంది. కూరలో దాని ఘాటు బాగుంటుంది, చర్మానికి మాత్రం వద్దు. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో ఆవనూనె రాస్తే దెబ్బతిన్న పైపొర కోలుకోవడం ఆలస్యమైంది. పొద్దుతిరుగుడు నూనె రాస్తే త్వరగా కోలుకుంది. ఖరీదెక్కువని ఆలివ్ నూనె మంచిదనుకోకండి, అందులో ఎక్కువగా ఉండే ఓలిక్ ఆసిడ్ పైపొరను వదులు చేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోకపోతే, "కొబ్బరినూనె రాద్దాం అత్తయ్యా" అని సర్దిచెప్పండి. మొటిమలున్న ముఖానికి మాత్రం అదీ వద్దు.

కొత్త క్రీమ్‌ను మోచేయి మడతలో రోజుకు రెండుసార్లు, వారం పాటు రాసి చూడండి. దద్దురు రాకపోతే ఒంటికి వాడొచ్చు. సలసల కాగే నీళ్లు మానేసి గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి, తడి అద్దుకున్న రెండు మూడు నిమిషాల్లోపే రాసుకోండి. చర్మం పగిలి రసి కారుతున్నా, దురదతో పిల్లలకు నిద్ర పట్టకపోయినా ఇంకో క్రీమ్ కొనకుండా చర్మం డాక్టరుకు చూపించండి.