వాక్కాయలు దొరికితే వదలకండి
ఆషాఢం, శ్రావణాల్లో పొలాల కంచెల మీద వాక్కాయలు ఎర్రబారతాయి. చెట్టు కొత్తయితే ఊళ్లో తెలిసినవాళ్లు చూపించాకే కోయండి, ముళ్లు జాగ్రత్త. కాయ తెంపగానే పాలు కారి చేతులు బంకబంకగా అయిపోతాయి. ముందే అరచేతులకు నూనె రాసుకుంటే ఆ బాధ ఉండదు. రెండుగా చీరి, గింజలు తీసి, పావుగంట ఉప్పునీళ్లలో ఉంచితే జిగురు చాలావరకు వదులుతుంది.

పప్పులో వేసేటప్పుడు మాత్రం తొందరపడొద్దు. మొదట్లోనే పులుపు తగిలితే కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. గ్లాసు పప్పుకు 10-12 కాయలు చాలు. వాటిని పచ్చిమిర్చి, పసుపుతో విడిగా మగ్గించి, ఉడికిన పప్పులో కలపండి. చింతపండు అక్కర్లేదు. నల్లగా మాగిన పళ్లు పిల్లలకు ఇవ్వండి, ఉత్తవే ఎంతో బాగుంటాయి.