గిటార్ పక్కచెక్కలు మోల్డులో బిగించే ముందు
ఖరీదైన క్లాంపులు అక్కర్లేదు. చెన్నై ప్యారీస్ కార్నర్ వైపు హార్డ్‌వేర్ కొట్లలో దొరికే టర్న్‌బకిల్ చాలు. తిప్పితే పొడవు పెరిగే, తగ్గే ఇనుప మర సాధనం అది; పక్కచెక్కలను లోపలి నుంచి మోల్డుకు, అంటే గిటార్ ఆకారపు చట్రానికి, నొక్కి పెడుతుంది.

- జిగురు డబ్బా తెరవకముందే ఒకసారి ఉత్తినే బిగించి చూడండి.
- ఇనుము నేరుగా చెక్కకు తగలకూడదు. వంపుకు సరిపడా చెక్కముక్క కోసి, కార్క్ అంటించి, మధ్యలో పెట్టండి. పక్కచెక్క మందం దాదాపు 2 మిల్లీమీటర్లే మరి! నేనోసారి తొందరపడి ఇంకో అర చుట్టు తిప్పాను, నడుము దగ్గర టప్‌మని చీలింది. చెక్క మోల్డుకు ఆనగానే ఆపేయండి. సందులో కాగితం దూరకపోతే చాలు.
- టర్న్‌బకిల్‌కు ఒక కొసన కుడి మర, రెండో కొసన ఎడమ మర ఉంటాయి. ఎటు తిప్పితే పొడవు పెరుగుతుందో ముందే చూసుకోండి.
- మోల్డు లోపల మైనం పూయండి, జిగురు కారినా అంటుకోదు.
- ముసురు పట్టిన రోజు మాత్రం వద్దు. తేమకు చెక్క ఉబ్బుతుంది.