సబ్బు బుగ్గల నీళ్లు ఎంత చిక్కగా ఉండాలి?

నల్లగొండ దగ్గరి చెర్వుగట్టు జాతరలో కొన్న బుగ్గల సీసా ఇంటికి వచ్చేలోపే ఖాళీ అవుతుంది, పిల్లలు మళ్లీ కావాలని పట్టుబడతారు, సరే కదా అని సబ్బు నీళ్లు కలిపిస్తే రెండు బుగ్గలు కూడా లేవవు. చిక్కదనం కుదరకపోతే అంతే.

ఒకే టీ గ్లాసుతో కొలవండి. ఆరు గ్లాసుల నీళ్లు, ఒక గ్లాసు గిన్నెలు తోమే లిక్విడ్, పావు గ్లాసు గ్లిజరిన్. గ్లిజరిన్ మెడికల్ షాపులో దొరుకుతుంది.

నీళ్ల దగ్గరే చాలామందికి దెబ్బ పడుతుంది. నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, బుగ్గలను చెడగొట్టేది అది కాదు, బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. బకెట్ అంచుకు తెల్లగా పొర కట్టే నీళ్లయితే వద్దు, క్యాన్ నీళ్లు వాడండి.

నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. గ్లిజరిన్ నీళ్లకన్నా బరువు, పోయగానే సన్నటి తీగల్లా అడుగుకు దిగుతుంది, ఆ తీగలు కనబడకుండా పోయేదాకా గరిటెతో మెల్లగా తిప్పండి. గిలక్కొట్టారంటే నురగ వస్తుంది, నురగ ఉంటే బుగ్గ నిలవదు. మూతపెట్టి రాత్రంతా వదిలేయండి.

పొద్దున గుండ్రంగా వంచిన లోహపు తీగను ముంచి ఊదండి. పొర కట్టీకట్టగానే పగిలితే పలచన, చెంచాడు గ్లిజరిన్ వేయండి. ఎంత ఊదినా పొర సాగక, వచ్చిన బుగ్గ కింద చుక్క వేలాడుతూ నేలకు లాగేస్తుంటే చిక్కన, అర గ్లాసు నీళ్లు పోయండి. ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదనుకోవడం పెద్ద పొరపాటు. సరిగ్గా కుదిరిన బుగ్గ మీద రంగులు సుడులు తిరుగుతాయి, పైభాగం పలచబడి రంగు పోయాకే పగులుతుంది.

మే నెల ఎండలో పొరలోని నీళ్లు తొందరగా ఆరిపోతాయి, గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి అప్పుడు ఇంకో రెండు చెంచాలు వేయొచ్చు, అయినా పొద్దున ఏడింటికి ఆడుకుంటేనే బాగుంటుంది. చలికాలంలో ఈ నీళ్లు వాటంతటవే కొంచెం చిక్కబడతాయి, అదనంగా ఏమీ వేయొద్దు.

తీగ లేకపోతే బొప్పాయి ఆకు కాడ చాలు, లోపల బోలుగా ఉంటుంది. చిన్నపిల్లలకు మాత్రం ఇచ్చే ముందు ఊదడమే గానీ పీల్చొద్దని దగ్గరుండి చూపించండి. ఆట బయట మట్టిలోనే ఆడించండి, ఈ నీళ్లు పడితే తాండూరు బండలు విపరీతంగా జారుతాయి.