పటం చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: పొలాలు పోగా మిగిలిన దేశం

పోయిన పాఠంలో గాంబియా సరిహద్దు వెంట వేలు నడిపాం. ఈసారి ఆఫ్రికా పటంలో దక్షిణపు కొసకు రండి. దక్షిణాఫ్రికా కడుపులో ఇంకో దేశం కనిపిస్తుంది: లెసోతో. చుట్టూ ఒకే దేశం ఉన్న స్వతంత్ర దేశాలు ప్రపంచంలో మూడే. మిగతా రెండూ, వాటికన్, శాన్ మరీనో, ఊళ్ళంత ఉంటాయి. ఇది 30,355 చదరపు కిలోమీటర్లు.

మొదట పేరు చదవండి. దేశం లెసోతో, ప్రజలు బసోతో, ఒక్కరైతే మొసోతో, భాష సెసోతో. మనం మాట చివర చేర్చే పనిని వాళ్ళు మాట ముందు చేస్తారు. పలికేటప్పుడు ‘లెసూటు’ అంటారు. పాత పటాల్లో ‘బసూటోలాండ్’ అని కనిపిస్తే, ఆంగ్లేయులు చెవిన పడినట్టు రాసుకున్నారన్నమాట.

ఇప్పుడు ఎత్తులు చూపే పటం తీయండి. పల్లపు నేలను చూపే ఆకుపచ్చ రంగు వెతకకండి, దొరకదు. ఈ దేశంలో అతి పల్లపు చోటే సముద్రమట్టానికి సుమారు 1,400 మీటర్ల ఎత్తు. అతి ఎత్తైన శిఖరం థబానా న్ట్లెన్యానా, 3,482 మీటర్లు. ఆ పేరుకు అర్థం ‘అందమైన చిన్న కొండ’!

అసలు పాఠం పడమటి అంచున ఉంది. క్యాలెడన్ నది వెంట సన్నటి మైదానం, నది ఒడ్డునే రాజధాని మసేరు. రాజధాని సరిహద్దుకు ఇంతగా ఆనుకుని ఉంటే అనుమానించాలి, గీత ఒకప్పుడు ఇంకెక్కడో ఉండేదేమోనని. ఇక్కడ అదే జరిగింది.

1824లో మొషోషో అనే నాయకుడు తనవాళ్ళను థబా బోసియు కొండకు తీసుకువచ్చాడు. నిట్టనిలువు అంచులు, పైన చదును. రాత్రివేళ ఆ కొండ పెరుగుతుందని నమ్మకం, అందుకే ‘రాత్రి కొండ’. యుద్ధాలకు చెదిరినవారంతా అతని నీడన చేరి బసోతోలయ్యారు. తర్వాత దక్షిణపు కొసన ఉన్న కేప్ వలస రాజ్యం వైపు నుంచి బోయర్లు, అంటే డచ్చి సంతతి రైతులు, బండ్లు కట్టుకుని వచ్చి నదికి పడమట ఫ్రీ స్టేట్ అనే తమ సొంత రాజ్యం స్థాపించారు. పోరాటాలు జరిగాయి. కొండ లొంగలేదు, పొలాలు పోయాయి. మొషోషో కోరిన మీదట 1868లో బ్రిటన్ ఈ దేశాన్ని తన రక్షణలోకి తీసుకుంది. మరుసటి ఏడాది ఒప్పందంలో క్యాలెడన్ పడమటి సారవంతమైన నేల ఫ్రీ స్టేట్‌కే దక్కింది. 1870లో మొషోషో కన్నుమూశాడు.

‘కొండల రాజ్యం’ అంటూ పర్యాటక ప్రకటనలు మురిసిపోతాయి. నాకు ఆ మాట రుచించదు. బసోతోలు రక్షణ కోసం ఎంచుకున్నది ఒక్క కొండను. మిగతావి పొలాలు పోగా మిగిలినవి.

అయితే బ్రిటిష్ పాలనలో ఉన్నందువల్లే 1910లో దక్షిణాఫ్రికా యూనియన్‌లో కలవకుండా తప్పించుకున్నారు. 1966లో స్వతంత్రులయ్యారు. కొండల్లో నీళ్ళున్నాయి. 1986 ఒప్పందం ప్రకారం 185 మీటర్ల ఎత్తున కట్సే ఆనకట్ట కట్టారు. ఆ నీరు సొరంగాల్లో ప్రయాణించి ఇప్పుడు దక్షిణాఫ్రికాలో భాగమైన ఆ ఫ్రీ స్టేట్ నేల మీదే బయటపడి, జొహానెస్‌బర్గ్ వైపు సాగుతుంది. దానికి దక్షిణాఫ్రికా లెసోతోకు డబ్బు చెల్లిస్తోంది.

అభ్యాసం: పలుచని కాగితం మీద క్యాలెడన్‌ను గీసి మసేరు, థబా బోసియు గుర్తించండి. నదికి పడమట పెన్సిలుతో రంగు పూయండి. తర్వాత దక్షిణాఫ్రికా పక్కనే ఉన్న మరో చిన్న దేశం ఎస్వాటినీ (పాత పేరు స్వాజీలాండ్) పటం తీసి, దాని ఏ అంచు కొండలవైపు, ఏ అంచు పల్లంవైపు ఉందో రాసుకోండి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.