వరద రోజుల్లో తాగేనీళ్లు: 20 లీటర్ల క్యాన్‌కు క్లోరిన్ సరిగ్గా కలపడం ఎలా?

2023 జూలై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అదే వానకు మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది, వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్ట తెగింది. అంత వానలో కరెంటు పోతే బోరు మోటారు నడవదు, వాటర్ ప్లాంటూ నడవదు. నల్లా పైపులో ఒత్తిడి పడిపోయి, లీకు ఉన్నచోటల్లా మోరీ నీళ్లు లోపలికి చేరతాయి. చుట్టూ నీళ్లే ఉన్నా తాగడానికి ఉండవు.

ఆ సమయంలో చాలామంది సీసా అడుగు కోసి బొగ్గు, ఇసుక, గులకరాళ్లు నింపుతారు. వీడియోల్లో అది బాగానే కనిపిస్తుంది. బయటికొచ్చే నీళ్లు కూడా తేటగానే ఉంటాయి. కానీ కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములు ఆ బొగ్గు సందుల్లోంచి హాయిగా దిగివస్తాయి. ఎండలో సీసాలు పెట్టే పద్ధతి మంచిదే గానీ దానికి కనీసం 6 గంటల గట్టి ఎండ కావాలి. ముసురు పట్టిన వారంలో ఆ ఎండ ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లో చేసుకోగలిగినవాటిలో నమ్మదగిన దారి ఇది: ముందు తేటపరచాలి, తర్వాత క్లోరిన్ కలపాలి. ఈ వరుస మారకూడదు.

ముందే తెచ్చిపెట్టుకునేవి

జూన్ దాటకముందే ఇవి ఇంట్లో ఉండాలి: రెండు ప్లాస్టిక్ బకెట్లు, మూత, నల్లా ఉన్న 20 లీటర్ల క్యాన్లు, పాత నూలు చీర, పటిక, సీలు తీయని బ్లీచింగ్ పౌడర్ ప్యాకెట్, లీటరు ప్లాస్టిక్ సీసాలు రెండు, సూది లేని 10 ఎం.ఎల్. సిరంజి. మనిషికి రోజుకు 4 లీటర్లు అనుకుంటే ఐదుగురికి మూడు రోజులకు 60 లీటర్లు, అంటే మూడు క్యాన్లు. వాతావరణ హెచ్చరిక రాగానే మంచినీళ్లతో వాటిని నింపేస్తే సగం కష్టం అక్కడే తీరుతుంది.

ఏ నీళ్లు తీసుకోవాలి?

వాన నీళ్లు అన్నిటికంటే మేలు. ఆరుబయట శుభ్రమైన టార్పాలిన్ కట్టి నేరుగా పట్టండి. కప్పు మీదినుంచి పట్టేటట్టయితే మొదటి పావుగంట నీళ్లు వదిలేయండి. తర్వాత వరద తాకని బావి, బోరింగ్. వరదలో మునిగిన బోరింగ్ నీళ్లు దాన్ని శుభ్రం చేయించేదాకా తాగొద్దు.

పత్తి చేను, వరి మడి మీదుగా పారిన నీళ్లు ముట్టుకోకండి. వానాకాలంలో పత్తికి మందు కొడుతూనే ఉంటారు. ఆ మందు క్లోరిన్‌తో పోదు, కాచినా పోదు. డీజిల్ తెట్టె తేలుతున్న నీళ్లూ అంతే. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లను కాస్తే నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

వడకట్టడం, పటిక

చీరను ఎనిమిది పొరలుగా మడిచి వడకట్టండి. పాతదే కావాలి. ఉతికి ఉతికి దారం ఉబ్బి సందులు చిన్నవవుతాయి, కొత్త బట్టకు ఆ గుణం ఉండదు. బంగ్లాదేశ్ పల్లెల్లో ఇలా మడిచిన చీరతో వడకట్టిన ఇళ్లలో కలరా దాదాపు సగం తగ్గిందని 2003లో పరిశోధన అచ్చయింది. తగ్గింది సగమే, మిగతా సగం క్లోరిన్ పని.

నీళ్లు ఇంకా ఎర్రగా ఉంటే పటిక వేయాలి. ముక్కను చేత్తో తిప్పడం వద్దు, ఎంత కరిగిందో తెలియదు. 10 గ్రాముల పటిక పొడిని లీటరు నీళ్లలో కరిగించుకోండి. ఆ నీళ్లు 20 లీటర్లకు 100 ఎం.ఎల్. పోయండి, బురద బాగా ఉంటే 200. ఒక నిమిషం వేగంగా, తర్వాత ఐదు నిమిషాలు మెల్లగా కలిపి గంటసేపు కదపకుండా ఉంచండి. మడ్డి అడుగుకు దిగుతుంది. పై నీళ్లను రెండో బకెట్‌లోకి వంచి, మళ్లీ చీరలో వడకట్టండి. వాన నీళ్లకు పటిక వేయకండి. పటిక గడ్డకట్టడానికి నీళ్లలో కొంత క్షారం ఉండాలి, వాన నీళ్లలో అది ఉండదు. పల్లెల్లో చిల్లగింజ అరగదీసి వేసే పద్ధతి కూడా పనిచేస్తుంది. తేటపరచడం వరకే.

బకెట్ అడుగున రూపాయి బిళ్ల వేసి చూడండి. దాని మీది అంకె కనిపిస్తేనే ముందుకు వెళ్లాలి.

క్లోరిన్: అందరూ తప్పు చేసేది ఇక్కడే

బురద నీళ్లలో పోసిన క్లోరిన్ ముందు బురదతోనే ఖర్చయిపోతుంది, క్రిముల దాకా మిగలదు. మట్టి రేణువు లోపల దాక్కున్న క్రిమికి అది అసలే తగలదు. పై పనులన్నీ ఇందుకే.

బ్లీచింగ్ పౌడర్ నేరుగా క్యాన్‌లో చల్లకండి. సున్నం గడ్డలు అడుగున పేరుకుంటాయి, ఒక గ్లాసులో మందు ఎక్కువ, ఇంకో గ్లాసులో శూన్యం. కిరాణా కొట్లో కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేది కొనొద్దు. గాలి, తేమ, వెలుతురు తగిలితే అందులోని క్లోరిన్ ఎగిరిపోయి ఉత్త సున్నం మిగులుతుంది. సీలు విప్పగానే పొడి పొడిగా ఉండి ముక్కుకు ఘాటు కొట్టాలి. ముద్దగా ఉంటే పారేయండి.

ద్రావణం ఇలా చేయాలి. ఆరుబయట కూర్చోండి, ముక్కుకు గుడ్డ, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ప్యాకెట్ మీద 30 శాతం క్లోరిన్ అని ఉంటే లెక్క ప్రకారం లీటరుకు 33 గ్రాములు చాలు. కానీ దుకాణంలో నెలలు పడి ఉన్న సరుకు ఆ బలంతో ఉండదు కాబట్టి 40 గ్రాములు వేయండి. తూకం వేసే తీసుకోవాలి. ప్లాస్టిక్ గిన్నెలో కొద్ది నీళ్లతో కర్రపుల్ల పెట్టి పేస్టులా కలిపి, సీసాలో పోసి లీటరుకు నింపి గిలకొట్టండి. గంట తర్వాత పైన తేరుకున్న నీళ్లను మాత్రమే రెండో సీసాలోకి వంచుకోండి. ఇది సుమారు 1 శాతం ద్రావణం. సీసాకు పేపరు చుట్టి, తేదీ రాసి, పిల్లలకు అందని చీకటి చోట పెట్టండి. వారం వరకే పనికొస్తుంది.

ఇక మోతాదు. తేట నీళ్లు 20 లీటర్లకు ఈ ద్రావణం 4 ఎం.ఎల్. కొంచెం మసక మిగిలి ఉంటే 8 ఎం.ఎల్. సిరంజితోనే కొలవాలి. చెంచాలు, సీసా మూతలు ఇంటికో సైజు ఉంటాయి. క్యాన్ మూత బిగించి బాగా ఊపండి. తర్వాత నల్లా తిప్పి ఒక గ్లాసు వదలండి, క్యాన్‌ను వంచి మూతి అంచులు కూడా తడపండి. లోపలి నీళ్లు శుభ్రమై నల్లా మురికిగా ఉంటే చేసిన పనంతా వృథా.

ఇప్పుడు గడియారం చూసి 30 నిమిషాలు ఆగాలి. చలికాలమైతే గంట. ఈ లోపల నిమ్మరసం, ఓఆర్‌ఎస్, టీ పొడి ఏదీ కలపొద్దు, అవి క్లోరిన్‌ను తినేస్తాయి. వేడి నీళ్లలోనూ పోయొద్దు.

అరగంట తర్వాత గ్లాసులో పట్టి వాసన చూడండి. సన్నగా క్లోరిన్ వాసన రావాలి. పౌడర్ కలిపిన మనిషి ముక్కు ఆ వాసనకు అలవాటు పడి ఉంటుంది, ఇంట్లో ఇంకొకరితో చూపించండి. వాసన లేకపోతే అంతే మోతాదు మళ్లీ పోసి ఇంకో 30 నిమిషాలు ఆగండి. అప్పటికీ లేకపోతే ఆ నీళ్లు పారబోయండి. పంచాయతీ నీళ్ల సిబ్బంది దగ్గర, నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను కొలిచే క్లోరోస్కోప్ ఉంటే అడిగి చూపించుకోండి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలంటుంది. 0.5 దాకా ఉంటే ఇంకా నయం.

మందు వాసన అని ఈ నీళ్లను పారబోసి పక్కింటి 'తియ్యటి' నీళ్లు తాగేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆ వాసనే కాపలా. చేయి తగిలినా, గ్లాసు ముంచినా కొత్తగా చేరిన క్రిమిని అది చంపుతుంది. కాచిన నీళ్లకు ఆ కాపలా ఉండదు. తాగలేకపోతున్నారంటే అరగంట గడిచాక చెంబుతో రెండు మూడుసార్లు ఎత్తిపోసుకోండి, వాసన తగ్గుతుంది.

ఆశా కార్యకర్త ఇచ్చిన క్లోరిన్ బిళ్లలు ఉంటే ఈ ద్రావణం అక్కర్లేదు. కానీ ఒక బిళ్ల ఎన్ని లీటర్లకో కవర్ మీద చదవండి. లీటరు బిళ్లలు వేరు, 20 లీటర్లవి వేరు.

ఎవరికి కాచి ఇవ్వాలి?

క్లోరిన్‌కు లొంగని పరాన్నజీవులు కొన్ని ఉన్నాయి. పసిపిల్లలకు, గర్భిణులకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు తేట నీళ్లు కాచి చల్లార్చి, ఆ తర్వాత క్లోరిన్ కలపండి. ముందు క్లోరిన్ కలిపి కాస్తే అంతా ఆవిరిలో పోతుంది. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు. 20 నిమిషాలు మరిగించడం గ్యాస్ దండగ, వరదలో ఇంకో సిలిండర్ రాదు.

నిల్వ

ఈ నీళ్లు రంజన్‌లో, కుండలో పోయకండి. మట్టి క్లోరిన్‌ను త్వరగా పీల్చేస్తుంది. రాగి, ఇత్తడి బిందెలూ వద్దు. క్యాన్‌లోనే ఉంచి నల్లాతో పట్టుకోండి. మర్నాడు వాసన లేకపోతే మళ్లీ 4 ఎం.ఎల్., మళ్లీ 30 నిమిషాలు.

బ్లీచింగ్ పౌడర్‌ను యూరియా బస్తాల పక్కన, డీజిల్ దగ్గర పెట్టొద్దు. కలిస్తే ప్రమాదం. వారం దాటిన ద్రావణాన్ని ఆరుబయట మట్టిలో పారబోయండి. యాసిడ్‌తో కడిగిన బాత్రూంలో పోస్తే విషవాయువు లేస్తుంది.